వరదలో ఉన్నవాళ్ళ కోసం పక్కింటివాళ్ళు చేసే ప్రార్థన

పోయిన వీడియోలో గోవర్ధనగిరి కథ చెప్పుకున్నాం. ఏడు రోజుల వాన, కొండ కింద గొల్లపల్లె మొత్తం, ఆవులతో దూడలతో సహా. ఆ వీడియో చూసినవాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు. పదిహేను నిమిషాల వీడియోలో వాటికి జవాబు చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదటి ప్రశ్న ఇది: "అన్నా, కృష్ణుడు కొండ ఎత్తి కాపాడాడు, బాగుంది. మరి 2009లో మంత్రాలయమే మునిగింది కదా! గుడికే దిక్కు లేనప్పుడు ఇంక ప్రార్థన దేనికి?"

రెండవది: "ఎక్కడ వరద వచ్చినా భూకంపం వచ్చినా మా ఆఫీసులో క్రిస్టియన్ ఫ్రెండ్స్ ప్రేయర్ పెట్టుకుంటారు. నన్నూ పిలుస్తారు. వెళ్ళొచ్చా? వాళ్ళ ప్రార్థనని మనం ఎలా చూడాలి?"

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, కాస్త ఆగి చూస్తే ఒకటే ప్రశ్న. కష్టంలో ఉన్న ఒక మనిషి కోసం ఇంకో మనిషి దేవుడి ముందు నిలబడితే, అక్కడ నిజంగా జరిగేది ఏమిటి? దీనికి జవాబు దొరికితే రెండింటికీ దొరికినట్టే.

ఎండిన ఆగస్టు, మునిగిన అక్టోబర్

మాది ఎమ్మిగనూరు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కర్నూలు జిల్లా పడమటి వైపు ఉంటుంది. ఒక పక్క ఆదోని, ఇంకో పక్క మంత్రాలయం. ఆదోని అనగానే పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు అనగానే చేనేత గుర్తొస్తాయి. తుంగభద్ర మాకు దగ్గరే. అయినా మాది కరువు సీమే. నది పక్కన ఉండి ఆకాశం వైపు చూసే జనం మేము.

2009లో నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు దేశం మొత్తం మీద నైరుతి వానలు మామూలు కన్నా 22 శాతం తక్కువ పడ్డాయి. మా వైపు చేలల్లో విత్తనం మాడిపోయింది. వాన కోసం మా వీధి రామాలయంలో విరాటపర్వం చదివించారు. విరాటపర్వం చదివితే వాన పడుతుందని మన పల్లెల్లో పాత నమ్మకం, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. మసీదులో దువా చేశారు. చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. అందరూ అడిగింది ఒక్కటే, నీళ్ళు.

సెప్టెంబర్ చివర్లో నీళ్ళు వచ్చాయి. కర్ణాటకలోనూ మా వైపూ కుండపోత. అక్టోబర్ 2న కర్నూలు నగరం తుంగభద్ర, హంద్రీ నీళ్ళలో మునిగింది. మంత్రాలయంలో మఠంలోకి నీళ్ళు వచ్చాయి, భక్తులు ఎక్కడివాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. నాగలదిన్నె దగ్గర తుంగభద్ర మీద ఉన్న వంతెన కొట్టుకుపోయింది. సుంకేసుల బ్యారేజీ దెబ్బతింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలో పెట్టుకుని కట్టిన శ్రీశైలం డ్యామ్ దగ్గరకి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చి పడ్డాయి. అక్కడి ఇంజనీర్లు, సిబ్బంది గేట్ల దగ్గరే ఉండిపోయారు. డ్యామ్ నిలబడింది.

ఆగస్టులో నీళ్ళు అడిగిన ఊళ్ళే అక్టోబర్‌లో నీళ్ళు ఆగాలని మొక్కాయి. మొదటి ప్రశ్న అడిగిన తమ్ముడికి నేను చెప్పేది ఇది: నీ ప్రశ్న కొత్తది కాదు. ఆ రోజు మా ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఆ ప్రశ్న ఉంది. "సామి ఊరికే ఇట్లయితే మనమెంత?" అన్న మాట నా చెవులతో విన్నాను. అది నాస్తికులు అన్న మాట కాదు, ప్రతి గురువారం మంత్రాలయం వెళ్ళి వచ్చే భక్తులు అన్న మాట.

టీచరమ్మ చదివిన లిస్టు

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక క్రిస్టియన్ కుటుంబం ఉండేది. ఆమె స్కూల్ టీచర్, వీధి అంతా టీచరమ్మ అనే పిలిచేవాళ్ళు. వరద రోజుల్లో వాళ్ళింట్లో సాయంత్రం పూట కూడిక పెట్టారు. మా అవ్వ బియ్యం ఇవ్వడానికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్ళింది. నది ఒడ్డు ఊళ్ళ జనానికి అన్నం వండి పంపుతున్నారు అప్పుడు, వీధి మొత్తం నుంచి.

మేము వెళ్ళేసరికి ప్రార్థన నడుస్తోంది. టీచరమ్మ చేతిలో నోట్‌బుక్కు కాగితం ఉంది. అందులో పేర్లు రాసి పెట్టుకుంది. మంత్రాలయం, నాగలదిన్నె, కౌతాళం వైపు ఏటి గట్టు ఊళ్ళు. ఒక్కో ఊరి పేరు చెప్పి ఆగుతోంది. తర్వాత మనుషులు. నడవలేని ముసలివాళ్ళు, పాలు దొరకని చంటిబిడ్డలు, మగ్గం గుంతలో నీళ్ళు నిండి పడుగు మొత్తం పాడైపోయిన నేతగాళ్ళు, కట్టుతాడు విప్పే టైం లేక గొడ్లను పోగొట్టుకున్నవాళ్ళు, మఠంలో చిక్కుకున్న యాత్రికులు. ప్రతి ఒక్కరి కోసం ఒక్కో మాట. దాదాపు అరగంట పట్టింది.

అయిపోయాక అవ్వ అడిగింది, "ఏమ్మా, మా సామి ఊరికి గూడా నువ్వు మొక్కినావా?"

"నీళ్ళొచ్చింది మనుషుల మీదికి కదవ్వా" అంది టీచరమ్మ. అంతే. బియ్యం తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎన్నో ప్రవచనాలు విన్నాను, ఈ ఛానెల్ కోసం ఎన్నో పుస్తకాలు తిరగేశాను. "పరుల కోసం ప్రార్థన" అన్న మాట ఎక్కడ వచ్చినా నాకు ఆ కాగితం గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ కాగితంలో రెండు విషయాలున్నాయి. ఒకటి, అందులో ఎవరి తప్పూ లేదు. రెండు, ప్రతి పేరు పక్కనా ఒక అవసరం ఉంది.

క్రైస్తవంలో ఈ ప్రార్థన ఎక్కడి నుంచి వచ్చింది?

తెలుగు క్రైస్తవులు దీన్ని విజ్ఞాపన ప్రార్థన అంటారు. అంటే తన కోసం కాకుండా ఇంకొకరి తరఫున దేవుడికి విన్నవించుకోవడం. మన భాషలో చెప్పాలంటే వకాల్తా పుచ్చుకోవడం. ఆదివారం ఆరాధనలో దీనికి వేరే చోటు ఉంటుంది. రోగుల కోసం, పాలకుల కోసం, వానల కోసం, ఆపదలో ఉన్న ఊళ్ళ కోసం. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో వాన కురవడానికి ఒక ప్రార్థన, అతివృష్టి ఆగడానికి ఒకటి, కరువు కాలానికి ఒకటి ఉన్నాయి. మన నంద్యాల వైపు పనిచేసింది ఆ ఆంగ్లికన్ మిషనే.

ఇంకా వెనక్కి వెళ్తే, 470 ప్రాంతంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లో వియెన్న్ అనే పట్టణం ఉంది. అక్కడ భూకంపాలు, అగ్నిప్రమాదాలు వరసగా వచ్చాయి. జనం ఊరు వదిలి పారిపోతున్నారు. మామెర్టస్ అనే బిషప్ మూడు రోజులు అందరినీ ఉపవాసం ఉండమని, వీధుల్లో ఊరేగింపుగా ప్రార్థిస్తూ నడవమని చెప్పాడు. అది తర్వాత యూరప్ అంతా పాకి, చేల చుట్టూ నడిచి పంటల కోసం ప్రార్థించే ఆచారం అయింది. మన పల్లెల్లో వాన కోసం గ్రామదేవతకి బిందెలతో నీళ్ళు పోసే ఊరేగింపు చూసినవాళ్ళకి ఇది పెద్ద వింతగా అనిపించదు.

ఇక వాళ్ళ గ్రంథంలో, ఆపద గురించి మూడు చోట్లు నాకు చాలా ముఖ్యం అనిపిస్తాయి.

మొదటిది యోబు కథ. పెనుగాలికి ఇల్లు కూలి బిడ్డలందరూ చనిపోయారు. ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకూ వాళ్ళు మంచి స్నేహితులే. తర్వాత నోరు విప్పి, నువ్వు ఏదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అని మొదలుపెట్టారు. కథ చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, దేవుడి తరఫున వాదించిన ఆ ముగ్గురి మీద.

రెండవది లూకా సువార్తలో వస్తుంది. సిలోయములో ఒక గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఏసు అడిగి, కాదు అని తనే చెబుతాడు. ఎవరి సంగతి వాళ్ళు చూసుకోండి, మీరు మారండి అంటాడు.

మూడవది అపొస్తలుల కార్యముల్లో ఉంది. పెద్ద కరువు రాబోతోందని తెలిసి, అంతియొకయలో ఉన్నవాళ్ళు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు డబ్బు పోగుచేసి దూరాన ఉన్న యూదయకి పంపారు. అక్కడ ప్రార్థన, చందా రెండూ ఒకే పనిలో భాగం.

టీచరమ్మ కాగితానికీ, అవ్వ బియ్యానికీ మూలం ఇక్కడ ఉంది.

మన దగ్గర ఇది లేదా?

ఉంది. మనం మరిచిపోయిన చోట ఉంది.

గోవర్ధనగిరి కథ మళ్ళీ చూడండి. వాన మొదలవగానే కృష్ణుడు ఏం చేశాడు? ఇంద్రుడికి కోపం ఎందుకొచ్చిందో, పూజ ఆపమన్నది ఎవరో అని పంచాయితీ పెట్టలేదు. కొండ ఎత్తి, అందరూ లోపలికి రండి అన్నాడు. ఎవరు మంచివాళ్ళు, ఎవరు రోజూ పూజ చేస్తారు అని గేటు దగ్గర ఎవరినీ ఆపి అడగలేదు. మా ఐటీ భాషలో చెప్తాను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ముందు సర్వీస్‌ని పైకి లేపుతాం. కోడ్ ఎవరు రాశారు, తప్పెవరిది అన్న మీటింగ్ తర్వాత రోజు. మునిగిపోతున్నవాడి దగ్గర ఆ మీటింగ్ పెట్టకూడదు. నీళ్ళు తీశాక పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. నదీ మార్గం ఎవరు ఆక్రమించారు, రిజర్వాయర్‌లో నీళ్ళు ముందే ఎందుకు వదల్లేదు లాంటి ప్రశ్నలన్నీ అప్పుడు అడగాల్సినవి.

ఇక్కడే మన వాళ్ళు కర్మ అన్న మాటను చాలా తేలిగ్గా వాడేస్తారు. ఎక్కడో వరద వస్తుంది, వెంటనే ఒక మెసేజ్ ఫార్వర్డ్ అవుతుంది: అక్కడ ఫలానా తప్పు జరిగింది కాబట్టే ఇలా అయింది. అదే మెసేజ్ అన్ని మతాల గ్రూపుల్లోనూ తిరుగుతుంది, తప్పు చేసినవాళ్ళ పేరు మాత్రం మారుతుంది. కర్మ సిద్ధాంతం నా నడవడిక నేను దిద్దుకోవడానికి ఇచ్చింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లి దగ్గర నిలబడి చదవడానికి ఇచ్చింది కాదు. 2009లో ఎవరైనా అదే లెక్క మంత్రాలయానికి వేసి ఉంటే మనకి ఎలా ఉండేది? అందుకే ఆ లెక్క ఇంకెవరి ఊరికీ మనం వేయకూడదు.

ఇక రంతిదేవుడు. భాగవతం తొమ్మిదో స్కంధంలో వస్తాడు. మన యూత్‌కి ఈ కథ ఎక్కువ తెలియదు, తెలియాలి. రాజు, కానీ ఉన్నదంతా ఇచ్చేసి కుటుంబంతో సహా 48 రోజులు నీళ్ళు కూడా లేకుండా ఉన్నాడు. 49వ రోజు కాస్త అన్నం, పాయసం, నీళ్ళు దొరికాయి. తినబోయే ముందు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, పెట్టాడు. తర్వాత ఒక శూద్రుడు, పెట్టాడు. తర్వాత కుక్కలతో ఇంకొకడు, అతనికీ కుక్కలకీ మిగిలిందంతా పెట్టాడు. ఇక మిగిలింది గుక్కెడు నీళ్ళు. అప్పుడు ఊరు అంటరానివాడని వెలివేసిన మనిషి దాహంతో వచ్చాడు. ఆ నీళ్ళూ ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు అతను కోరుకున్నది మోక్షం కాదు, అష్టసిద్ధులు కాదు. అన్ని ప్రాణుల్లో తాను ఉండి వాటి బాధ తానే అనుభవించాలి, అవి మాత్రం బాధ లేకుండా ఉండాలి అన్నాడు.

పరుల కోసం చేసే ప్రార్థనకి ఇంతకన్నా పెద్ద రూపం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో గానీ నాకు మాత్రం కనపడలేదు. గమనించండి, ఆ ప్రార్థన నోటి నుంచి వస్తున్నప్పుడే చేతిలోంచి నీళ్ళు వెళ్తున్నాయి.

దేవుణ్ణి నిలదీయొచ్చా?

మొదటి ప్రశ్నకి ఇంకో సగం జవాబు బాకీ ఉంది. "గుడికే దిక్కు లేదు" అన్న మాట తప్పు మాటేనా?

క్రైస్తవుల గ్రంథంలో విలాపవాక్యములు అని ఒక పుస్తకమే ఉంది. కీర్తనల్లో చాలా భాగం, ఎందుకు నన్ను వదిలేశావు అని దేవుడితో పోట్లాడేవే. ఆ పోట్లాట కూడా ప్రార్థనే అని వాళ్ళ సంప్రదాయం ఒప్పుకుంది. మన దగ్గర? మొసలి నోట్లో కాలు ఉన్నప్పుడు దేవుడు అసలు ఉన్నాడా అని గజేంద్రుడికే అనుమానం వచ్చింది. ఆ అనుమానంతోనే పిలిచాడు, ఆ పిలుపే చేరింది. గోల్కొండ చెరలో కంచర్ల గోపన్న రాముణ్ణి ఎంతెంత మాటలన్నాడో మనందరికీ తెలుసు. మనం అతన్ని భక్త రామదాసు అనే పిలుస్తాం.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నని దాచుకోకు. దాన్ని దేవుడి దగ్గరికే తీసుకెళ్ళు. ప్రార్థన అనేది నది మట్టాన్ని తగ్గించే స్విచ్ కాదు. 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళకి గేట్లు కావాలి, గేట్ల దగ్గర నిద్ర లేకుండా నిలబడే మనుషులు కావాలి. ఆ మనుషులకి ధైర్యం కావాలి. పడవ వేసుకుని వెళ్ళేవాడికి, అన్నం వండేవాళ్ళకి, మూడు నెలల తర్వాత కూడా ఆ ఊరి పేరు మరిచిపోని పట్టుదల కావాలి. ప్రార్థన పనిచేసే చోటు అది. టీవీలో వరద వార్త వారం రోజులు ఉంటుంది. మగ్గం మళ్ళీ ఆడడానికి నెలలు పడుతుంది. ఆ మధ్య కాలంలో ఆ నేతగాడి పేరు ఎవరి నోట్లో ఉంటుంది? రోజూ పొద్దున సంకల్పంలో చెప్పుకునేవాడి నోట్లో ఉంటుంది, రాత్రి మోకాళ్ళ మీద చెప్పుకునేవాడి నోట్లో ఉంటుంది.

"మతం మార్చడానికే కదా ఇదంతా?"

ఈ అనుమానం మీలో చాలామందికి ఉంది, నాకు తెలుసు. దాన్ని దాటేసి వెళ్ళిపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

ధాత కరువు గురించి మా వైపు ముసలివాళ్ళ దగ్గర ఇప్పటికీ మాటలు వినిపిస్తాయి. 1876 నుంచి 1878 వరకు. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలులో కలిసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లాలో దాదాపు ఐదో వంతు, కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. అంకె చదివి ముందుకు వెళ్ళిపోకండి. మీ వీధిలో ప్రతి నాలుగో మనిషీ లేడనుకోండి, అదీ ధాత కరువు.

అదే కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ ఉన్నాడు. మతబోధలోకి రాకముందు సర్వేయర్‌గా పనిచేసినవాడు, అంటే మన లైన్‌ మనిషే. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చాడు. పనికొచ్చినవాళ్ళలో చాలామంది మతంలో చేరతామన్నారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీని మీద వాదాలు ఇప్పటికీ ఉన్నాయి, ఉండనివ్వండి. నేను రెండు మాటలు చెబుతాను. ఒకటి, ఆకలి గిన్నెకీ మతానికీ మధ్య గీత ఉండాలని ఆయనకి తెలుసు. ఆ గీత న్యాయమైనది. ఎవరు దాటినా తప్పే, వాళ్ళు దాటినా మనం దాటినా. రెండు, అప్పుడు చేరినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకి ఆ రోజుల్లో మన గుళ్ళలోకి ప్రవేశం లేదు. రంతిదేవుడి కథ పుస్తకంలో పెట్టుకుని, దాహంతో వచ్చిన మనిషిని బావి దగ్గర ఆపిన సమాజం మనది. వేరేవాళ్ళు వాళ్ళని ఎందుకు పిలిచారు అని అడిగే ముందు మనం ఎందుకు పిలవలేదు అని అడగాలి. ఇది చేదుగా ఉంటుంది, కానీ హిందువుగా ఈ మాట అనడం నా ధర్మం అనుకుంటాను.

మా ఊరి మట్టి ఏం చెబుతుంది?

మంత్రాలయం పాత పేరు మంచాల. ఆ ఊరిని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని మఠం సంప్రదాయం. ఆయన ముస్లిం. 1671లో స్వామి అక్కడే సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. తర్వాత కంపెనీ కాలంలో దత్తమండలాల కలెక్టర్‌గా ఉన్న థామస్ మన్రో మఠం భూముల వ్యవహారం మీద వచ్చినప్పుడు, బృందావనం దగ్గర టోపీ, బూట్లు తీసి నిలబడితే స్వామి ఆయనతో మాట్లాడారని, మంత్రాక్షతలు ఇచ్చారని కూడా మఠం సంప్రదాయమే చెబుతుంది. పక్కన ఉన్నవాళ్ళెవరికీ స్వామి కనపడలేదట. మన్రో క్రైస్తవుడు. 1827లో మా పశ్చిమ కర్నూలులోనే, పత్తికొండలో, కలరాతో చనిపోయాడు.

స్వామి మన్రోతో మాట్లాడే ముందు నీదే మతం అని అడిగినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. అలాంటప్పుడు స్వామి ఊరు మునిగిన రోజు టీచరమ్మ చెప్పిన ప్రార్థన ఆయనకి చేరలేదని నేనెలా అనుకోగలను?

మరి ప్రేయర్‌కి పిలిస్తే వెళ్ళాలా?

నా జవాబు: వెళ్ళండి. ఆపదలో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన కూడిక అయితే నిరభ్యంతరంగా వెళ్ళి కూర్చోండి. మీ నమ్మకం కాని మాట మీరు పలకనక్కర్లేదు. తల వంచి మౌనంగా ఉండండి, మనసులో మీ ఇష్టదైవాన్ని తలుచుకోండి, ఆ ఊళ్ళ పేర్లు తలుచుకోండి. మీరు సంకల్పం చేసుకుంటే వాళ్ళనీ పిలవండి. వాళ్ళూ మౌనంగా కూర్చుంటారు. కష్టంలో ఉన్నవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా మతం బేరం పెడితే, మర్యాదగా లేచి రండి. అది ఏ మతమైనా సరే.

ఇక ఈ వారం మనం చేయాల్సినవి. చిన్నవే, కానీ చేయండి.

పొద్దున దీపం పెట్టి సంకల్పం చెప్పుకునేటప్పుడు మన గోత్రం, మన పేరు, మన కుటుంబం వరకే ఆగుతాం. దాని తర్వాత ఒక ఊరి పేరు చేర్చండి. ఈ నెలలో వరదో, కరువో, అగ్నిప్రమాదమో జరిగిన ఊరు. పూజ చివర లోకక్షేమం అని మనం రోజూ అంటూనే ఉంటాం. లోకం అంటే మరీ పెద్దది, మనసుకి అందదు. ఊరి పేరు అందుతుంది.

ఒక కాగితం మీద ఆ ఊరివాళ్ళకి ఇప్పుడు ఏం కావాలో రాయండి. తెలియకపోతే తెలుసుకోండి. తాగునీళ్ళా, మందులా, పిల్లల పుస్తకాలా? తెలుసుకునే ఆ పది నిమిషాలు కూడా పూజలో భాగమే.

ఆ లిస్టులో మీ చేతనైంది ఒక్కటి పంపండి. అంతియొకయ వాళ్ళలా, మీ శక్తి కొద్దీ.

ఎందుకు వచ్చింది, ఎవరి పాపం అన్న మెసేజ్ వస్తే మీ దగ్గరే ఆపేయండి. ఫార్వర్డ్ చేయకండి.

మూడు నెలల తర్వాత తేదీకి ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు ఆ ఊరి పేరు మళ్ళీ సంకల్పంలో చెప్పండి. అప్పటికి కెమెరాలు వెళ్ళిపోయి ఉంటాయి. అసలు మీ ప్రార్థన అవసరం అయ్యేది అప్పుడే.

చివరిగా ఒక్క మాట. మీ పక్కింటివాళ్ళు చర్చి నుంచి వచ్చి, మీ ఊరి కోసం ప్రార్థించాం అంటే, నవ్వి ఊరుకోకండి. చేతులు జోడించి "సంతోషం అండీ, మేమూ మీ కోసం చెప్పుకుంటాం" అనండి. అన్నాక నిజంగా చెప్పుకోండి.

నీళ్ళు అందరి ఇళ్ళకీ కావలసినంత రావాలి, ఎవరి ఇంటి మీదికీ రాకూడదు. గురురాయలు అందరినీ చల్లగా చూడాలి.

వచ్చే వీడియోలో రంతిదేవుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు.

శ్రీ రాఘవేంద్రాయ నమః